ఫెయిలవడం నా డ్యూటీ

ఏడాదికోసారి నేను పరీక్ష తప్పుతాను. మొదటిసారి నిజంగానే తప్పాను, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. ఆ తర్వాత ఏడుసార్లు మాత్రం తప్పమని చెప్పి, ఎలా తప్పాలో కూడా చెప్పి మరీ తప్పించారు. చదువుకున్నదాన్ని, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో నలిగినదాన్ని, ఈ వయసులో పదిమంది ముందు బిక్కమొహం వేసుకుని నిలబడటమంటే ఎంత ఒళ్ళు మండుతుందో పడినవాళ్ళకే తెలుస్తుంది.

మాది ఊరికి తాగునీళ్ళు పంపే కేంద్రం. పంపులు నదిలోంచి నీళ్ళు తోడతాయి. మేం వాటిలో పటిక వేసి, మట్టి అడుక్కి దించి, ఇసుక ఫిల్టర్లలో వడకట్టి, క్లోరిన్ కలిపి కొళాయిల్లోకి వదులుతాం. నేను అక్కడ కెమిస్టుని. నది నీళ్ళు రోజూ ఒక్కలా ఉండవు కాబట్టి, ఏ రోజు ఎంత పటిక పడాలో తేల్చి చెప్పడం నా పని. ఆరు గాజు బీకర్లలో నది నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో ఒక్కో మోతాదు పటిక వేసి, యంత్రంతో కలియబెట్టి, కాసేపు కదలకుండా వదిలేస్తే, సరైన మోతాదు పడిన బీకరులో మట్టి ముద్దకట్టి కిందికి దిగుతుంది. పై నీరు తేటపడుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం కళ్ళు, చేతులు, బుర్ర మూడూ కావాలి.

తొమ్మిదేళ్ళ కిందట ఒక విదేశీ సాయ సంస్థ మా కేంద్రానికి ఒక సలహాదారుని పంపింది. నాకు పని పూర్తిగా నేర్పి రెండేళ్ళలో వెళ్ళిపోవాలని ఒప్పందం. ఏడాదికోసారి ఆ సంస్థ నుంచి ఒక పరిశీలకుడు వచ్చి నన్ను పరీక్షిస్తాడు. నేను నెగ్గితే సలహాదారు ఇంటికి వెళ్తాడు, నేను ప్రయోగశాలకు ఇన్‌చార్జినవుతాను. ఓడితే ఆయనకు ఇంకో ఏడాది పొడిగింపు, నా పేరు పక్కన ఇంకో ఏడాది ‘శిక్షణలో ఉన్నారు’ అనే ముక్క. ఇన్‌చార్జి కుర్చీ తొమ్మిదేళ్ళుగా ఖాళీ. దాని మీద పాత రిజిస్టర్లు పేర్చి పెట్టాం.

రెండో ఏడు పరీక్షకు ముందురోజు మా సూపరింటెండెంటు గారు నన్ను గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేశారు.

“అమ్మా, నీకు పని వచ్చేసిందని నాకు తెలుసు. కానీ ఆలోచించు. ఆయన వెళ్ళిపోతే జీపు వెళ్ళిపోతుంది. జనరేటరు వెళ్ళిపోతుంది. నీ మైక్రోస్కోపు, నీ రసాయనాలు, అన్నీ ఆయన పేరు మీద వచ్చినవే. మళ్ళీ మనకి ఆ తుప్పు పట్టిన తక్కెడే గతి. ఈ ఒక్కసారికి పరీక్ష తప్పు. వచ్చే ఏడు చూద్దాం” అన్నారు.

ఆయన దుర్మార్గుడేం కాదు, అదే వచ్చిన చిక్కు. జీపులో తన ఇంటి సామాన్లు మోయించుకున్న మాట నిజమే గానీ, క్లోరిన్ సిలిండర్లు తెప్పించిందీ ఆ జీపులోనే. జనరేటరు లేని రోజుల్లో కరెంటు పోతే ఊరంతా బిందెలు పట్టుకుని మా గేటు మీద పడేది. అవన్నీ నేను కళ్ళారా చూసినదాన్ని. అందుకే తలూపాను. ఆ వచ్చే ఏడు మాత్రం రాలేదు.

ఇక సలహాదారు సంగతి. మా సిబ్బంది ఆయనకు ‘మళ్ళీ గారు’ అని పేరు పెట్టారు. ఏం చేసినా “చాలా బాగుంది, మళ్ళీ చేద్దాం” అనడం ఆయన అలవాటు. పొడుగు మనిషి, అరవై దాటాయి, చొక్కా జేబులో ఎప్పుడూ మూడు రంగుల పెన్నులు. మా భాష పుస్తకాలు పెట్టుకుని నేర్చుకున్నాడు కాబట్టి అక్షరం మింగకుండా మాట్లాడతాడు. గేటు దగ్గర పడుకునే పిల్లిని కూడా “మీరు కొంచెం జరగండి” అంటాడు. నేను తప్పిన ప్రతిసారీ ఆయన ఒక్క మాట కూడా అనలేదు. మర్నాడు పొద్దున్నే కొత్త బొమ్మలు గీసుకొచ్చి, అదే పాఠం ఇంకో దారిలో మొదలుపెట్టేవాడు. నాకు వచ్చిన పాఠాన్నే రానట్టు మొహం పెట్టి వినడం ఎంత నరకమో!

ఈ ఏడు పరీక్షకు రెండు రోజుల ముందు ఆయన నాలుగు కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

“కెమిస్టు గారూ, ఇది నేను మా సంస్థకు పంపబోయే నివేదిక. మీ భాషలో కూడా ఒక ప్రతి ఉండాలి. ఇందులో మీ గురించి ఉంది, కాబట్టి మీకు తెలియకుండా పంపడం మర్యాద కాదు. తప్పులుంటే దిద్దండి” అన్నాడు.

చదివాను. మూడో పేజీలో ఇలా ఉంది: ‘కెమిస్టు కష్టపడే మనిషి. ఆమెలో లోపం లేదు. తొమ్మిదేళ్ళలో నేను ఒక్క మనిషికి కూడా పని నేర్పలేకపోయాను. ఈసారి కూడా ఆమె ఉత్తీర్ణురాలు కాకపోతే, నన్ను తప్పించి, నాకంటే మెరుగైన ఉపాధ్యాయుణ్ణి పంపి, శిక్షణ మొదటినుంచి ప్రారంభించండి.’

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడు, ఎర్ర పెన్ను మూత తీసి నాకు అందించడానికి సిద్ధంగా.

“ఏమైనా తప్పులున్నాయా?” అని అడిగాడు.

ఉన్నాయండీ, మొత్తం తప్పే, అని చెప్పాలనిపించింది. చెబితే సూపరింటెండెంటు గారు దొంగ, నేను దొంగ. నీళ్ళు నమిలాను. ఎక్కడో ఒక కామా పెట్టి, బాగుందని చెప్పి, కాగితాలు తిరిగి ఇచ్చేశాను. ఆ కామా పెట్టిన చేతిని నరుక్కోవాలనిపించింది.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి మా ఆయన వరండాలో ఎవరిదో కుట్టుమిషను విప్పి, నూనె చేతులతో కూర్చుని ఉన్నాడు. కుట్టుమిషన్లు బాగుచేయడం ఆయన వృత్తి. మా అత్తయ్య పక్కనే కూర్చుని స్క్రూలు పోకుండా పళ్ళెంలో పట్టుకుంది. ఆవిడ ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, నోరు పెద్దది, చెవులు అంతకన్నా పెద్దవి. నా మొహం చూడగానే పసిగట్టేసింది.

“ఏమైందే అమ్మాయ్? ఎల్లుండి పరీక్షని భయమా? ఎన్నోసారి ఇది, తొమ్మిదా? పోనీలే, రాకపోతే రాకపోయింది, అందరికీ అన్నీ వస్తాయా ఏంటి” అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. సంచీ అక్కడే పడేసి, ఏడేళ్ళుగా దాచిన సంగతంతా కక్కేశాను. సూపరింటెండెంటు గారు ఏమన్నదీ, నేను ఎన్ని రకాలుగా తప్పిందీ, ఈ రోజు మూడో పేజీలో ఏం చదివిందీ అంతా చెప్పాను. మా ఆయన చేతిలోని స్క్రూడ్రైవరు చేతిలోనే ఉంది. అత్తయ్య నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. ఆవిడ నోరు తెరిచి కూడా మాట్లాడకపోవడం నా పెళ్ళయ్యాక అదే మొదటిసారి.

“ఓసి నీ దుంపతెగ! నీకు నిజంగానే రాదనుకున్నానే నేను! చుట్టాలందరి దగ్గరా నిన్ను వెనకేసుకొచ్చాను, పాపం బుర్ర తక్కువైనా మనసు మంచిదని” అంది చివరికి.

మా ఆయన ఫక్కున నవ్వాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

“నవ్వుతావేంట్రా?” అని కొడుకుని ఒక్క కసురు కసిరి, నా వైపు తిరిగింది అత్తయ్య. “సరే, నిన్ను మేం బుర్ర తక్కువదనుకున్నాం. నీ ఇష్టంతో నువ్వు పడ్డావు. ఆ ముసలాయన ఏం చేశాడే? తొమ్మిదేళ్ళు పెళ్ళాన్ని వదిలి వచ్చి పాఠం చెప్పిన మనిషిని పట్టుకుని దద్దమ్మని చేశారు కదా మీరంతా కలిసి!”

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. ఈసారి నెగ్గుతానని, ఎవరేం అనుకున్నా సరే, ఆ వరండాలోనే నిర్ణయించుకున్నాను.

మర్నాడు సూపరింటెండెంటు గారు మామూలుగానే పిలిచారు. ఆయన అప్పటికే ఉపాయం ఆలోచించి పెట్టుకున్నారు.

“ఈసారి సులువు. నాలుగో బీకరు తేరుకుంటే నువ్వు రెండోది చూపించు, అంతే. బీకర్లు గట్రా పగలగొట్టకు, పోయినసారి గాజుముక్కలు ఏరలేక చచ్చాం.”

“సార్, ఈసారి నేను తప్పను.”

“అంటే?”

“నెగ్గుతాను సార్.”

ఆయన నా వంక జాలిగా చూశారు. “కోపం వచ్చిందామ్మా? రావాల్సిందే. కానీ ఇన్నేళ్ళూ ఆ జీపు కోసం నీతో పాటు నేను కూడా మాట పడటం లేదా? ఇంటికెళ్ళి పడుకో, రేపటికి చల్లబడతావు” అన్నారు. నిమ్మకు నీరెత్తినట్టు ఫైలు చూసుకోవడం మొదలుపెట్టారు. నేను తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

పరీక్ష రోజు పొద్దున్న ఏడింటికి పంపుహౌసు నుంచి ఫోను. ఎగువన మూడు రోజులుగా కురుస్తున్న వాన నీళ్ళు మా దాకా వచ్చేశాయి. నేను వెళ్ళేసరికి నది ఇటుకపొడి కలిపినట్టుంది. నిన్నటి మోతాదు పటిక వేస్తే ఆ బురద చెక్కుచెదరలేదు. బురద ఫిల్టర్లలోకి పోకుండా పంపులు ఆపేశారు. పైట్యాంకులో ఉన్న నీళ్ళు ఒంటిగంట దాకా వస్తాయి. కొత్త నీళ్ళు ట్యాంకులన్నీ దాటి తేటపడటానికి రెండు గంటలు పడుతుంది. అంటే పదకొండు లోపల సరైన మోతాదు దొరక్కపోతే మధ్యాహ్నానికి ఊళ్ళో కొళాయిలు ఎండిపోతాయి. ఆసుపత్రిలోవి కూడా.

ఎనిమిదిన్నరకు పరిశీలకురాలు వచ్చింది. ఈసారి కొత్త మనిషి, పొట్టిగా, భుజాన బండరాయంత సంచీతో. సంగతి విని, చేతి గడియారం చూసుకుంది.

“మంచిదే కదా. ఉత్తుత్తి నీళ్ళతో పరీక్ష ఎందుకు? ఈ నది నీళ్ళతోనే చేయండి. తొమ్మిదికి మొదలు. సలహాదారు గారు మాట్లాడకూడదు, ముట్టుకోకూడదు” అంది.

సూపరింటెండెంటు గారు నన్ను వరండాలోకి లాగారు. “ఇవాళే ఇలా రావాలా ఈ వరద! సరే, కంగారు పడకు. మనం అనుకున్నట్టే నువ్వు పరీక్ష తప్పు. ఆవిడ పక్కకెళ్ళాక ఆయన వచ్చి సరైన లెక్క చెప్తాడు.”

“అప్పటికి పదకొండు దాటిపోతుంది సార్! ఊరికి నీళ్ళు ఎవరిస్తారు, మీ జీపా?”

“అరగంటలో కొంపలేం మునగవమ్మా” అన్నారు. ఆయన గొంతులో మాత్రం అంత ధీమా లేదు.

తొమ్మిదికి మొదలుపెట్టాను. ఆరు బీకర్లు, ఆరు మోతాదులు, లీటరుకి ఇరవై మిల్లీగ్రాముల నుంచి డెబ్భై దాకా. నిమిషం పాటు వేగంగా, ఇరవై నిమిషాలు నెమ్మదిగా కలియబెట్టి, యంత్రం ఆపి, ఇంకో ఇరవై నిమిషాలు వదిలేశాను. మళ్ళీ గారు కిటికీ దగ్గర గోడకి ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పరిశీలకురాలు ఇన్‌చార్జి కుర్చీ మీది రిజిస్టర్లు దించి, దుమ్ము ఊది, అందులో కూర్చుంది.

ఇరవై నిమిషాలు అయ్యాయి. వంగి చూశాను. ఒక్క బీకరు కూడా తేరుకోలేదు. మొదటిది బురద, రెండోది బురద, ఆరోది కూడా బురదే. కావాలని తప్పడం నాకు కొట్టినపిండి. కావాలనుకోకుండా తప్పితే ఎలా ఉంటుందో ఎనిమిదేళ్ళుగా మరచిపోయాను.

సూపరింటెండెంటు గారు టీ కప్పు ఇచ్చే వంకతో నా చెవి దగ్గరకొచ్చారు. “అబ్బ, ఏం నటిస్తున్నావమ్మా! ఆ చెమటలు కూడా భలే పట్టించావు” అని గుసగుసలాడారు.

“నటించడం లేదు సార్” అన్నాను పళ్ళు బిగించి.

ఆయన మొహం పాలిపోయింది. ఆ కప్పు ఆయనే తాగేశారు.

మళ్ళీ గారి వైపు చూశాను. ఎన్నేళ్ళ అలవాటో, కాళ్ళూ చేతులూ ఆడనప్పుడు నా కళ్ళు ఆయన కోసమే వెతుకుతాయి. ఆయన నాకు వీపు తిప్పి కిటికీలోంచి బయటకు చూస్తున్నాడు. తన మొహంలోంచి నాకు ఏ చిన్న సాయం అందినా అది నా గెలుపు కాకుండా పోతుందని అలా తిరిగిపోయాడు. వెనక కట్టుకున్న వేళ్ళు మాత్రం ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. పాపం, ఆయనకి జవాబు తెలుసు. అది నాకు నేర్పలేకపోయానని ఆ నిమిషంలో ఆయన మనసు ఎంత కొట్టుకుంటోందో.

ఆ వేళ్ళు చూశాక నాకు మొండితనం వచ్చింది. ఏడవడానికి తర్వాత బోలెడంత టైముంది, ముందు ఆలోచించు అని నన్ను నేను తిట్టుకున్నాను. పటిక ఎందుకు పనిచేయలేదు? తక్కువై కాదు, డెబ్భై వేసినా కదల్లేదు. ఎక్కువ వేసిన బీకర్లే ఇంకా అధ్వాన్నంగా ఉన్నాయి. ఇది వాన నీరు. వాన నీటిలో నదికి మామూలుగా ఉండే క్షారం ఉండదు. పటిక తనంతట తాను నీళ్ళని పులిసేలా చేస్తుంది, ఆ పులుపుని తట్టుకునే క్షారం లేకపోతే మట్టి ముద్దకట్టదు. ఇది నాకు ఒక రకంగా కాదు, పదకొండు రకాలుగా తెలుసు. నాకు ఎంతకీ రావడం లేదనుకుని, ఆయన ఓసారి బొమ్మలు గీసి చెప్పాడు, ఓసారి నిమ్మకాయ పిండి చెప్పాడు, ఓసారి గుమస్తాలందరినీ వరసలో నిలబెట్టి ఎవరు పటిక, ఎవరు మట్టి అని ఆటాడించి మరీ చెప్పాడు.

నాలుగో బీకరు నీళ్ళలో పులుపు తేల్చే రంగు చుక్కలు వేశాను. పచ్చగా ఆకురంగు రావాల్సింది, పసుపుముద్దలా తిరిగింది, అంటే పులిసిపోయింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది!

“మేడం, ఇంకో విడత చేయాలి. క్షారం కోసం ముందు సున్నం, తర్వాత పటిక” అన్నాను.

పరిశీలకురాలు గడియారం చూసింది. “పది అవుతోంది. మీ ఊరి నీళ్ళు, మీ ఇష్టం. చేయండి.”

సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు. “మేడం, ఈలోగా మీకు మన కొత్త జనరేటరు చూపిస్తాను, రండి.”

“కదిలితే పరీక్ష ఎవరు చూస్తారు?” అందావిడ తలెత్తకుండా.

సున్నం తూచి నీళ్ళలో కలిపాను. బీకర్లలో ముందు సున్నం తేట పోసి, తర్వాత పటిక వేసి, యంత్రం తిప్పాను. నెమ్మదిగా కలియబెట్టడం మొదలైన పదో నిమిషానికే మూడో బీకరులో చిన్న చిన్న తునకలు కనిపించాయి. పదిహేనో నిమిషానికి పాలు విరిగినట్టు ముద్దలు. యంత్రం ఆపగానే అవి బద్ధకంగా కిందికి దిగాయి. మూడోది, నాలుగోది తేటపడ్డాయి. మూడో దాని వెనక వేలు పెట్టి చూస్తే గోరు మీది గీత కూడా కనిపించింది.

“మూడో బీకరు. పటిక లీటరుకి నలభై, సున్నం పద్దెనిమిది” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

టైము పదకొండుకి ఆరు నిమిషాలు తక్కువ. మోతాదు కాగితం రాశాను. కింద రెండు సంతకాలుంటాయి, ఒకటి శిక్షణలో ఉన్నవారిది, ఒకటి ఆమోదించినవారిది. ఎప్పటిలాగే కాగితం తీసుకుని కిటికీ వైపు వెళ్ళబోయాను.

“ఎక్కడికి?” అంది పరిశీలకురాలు.

“సలహాదారు గారి సంతకం...”

“ఆయన ఇవాళ గోడ. రెండూ మీరే పెట్టండి.”

పెట్టాను. రెండో గడిలో నా పేరు రాస్తుంటే పెన్ను గీరుకుపోయింది. ఫోనెత్తి పటిక గదికి మోతాదు చెప్పాను, పంపులు వేయమన్నాను. ఆ తర్వాత మొదలైంది అసలు నరకం. బీకరులో తేరుకున్న నీరు ట్యాంకులో తేరుకుంటుందన్న హామీ ఎవరిచ్చారు? పన్నెండున్నర దాకా ట్యాంకు గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. సూపరింటెండెంటు గారు కూడా నా వెనకే తిరిగారు. జీపు సంగతి కాసేపు మరిచినట్టున్నారు, “దిగుతోందామ్మా? దిగుతోందా?” అని చిన్నపిల్లాడిలా అడుగుతూనే ఉన్నారు.

దిగింది. పన్నెండు నలభైకి ఫిల్టరు నుంచి మొదటి గ్లాసు నీళ్ళు పట్టి వెలుతురుకి పెట్టి చూశాను. అద్దంలా ఉంది. పులుపు చూశాను, బాగుంది. క్లోరిన్ చూశాను, బాగుంది. పైట్యాంకులోకి వదలమని చెప్పి, ఆ గ్లాసు గటగటా నేనే తాగేశాను. నెత్తిన పాలు పోసినట్టయింది.

పరిశీలకురాలు అక్కడే గట్టు మీద సంతకం పెట్టేసింది. ‘ఉత్తీర్ణురాలు. ప్రయోగశాలను స్వయంగా నడపగలరు.’ ఆ కాగితం నా చేతిలో పెట్టి, సంచీలోంచి ఇంకో లావుపాటి ఫైలు తీసింది.

“ఇక అప్పగింత. సూపరింటెండెంటు గారూ, ఇక్కడ సంతకాలు కావాలి. జీపు ఒకటి, జనరేటరు ఒకటి, మైక్రోస్కోపు, తూకం యంత్రం, రెండేళ్ళకు సరిపడా రసాయనాలు.”

సూపరింటెండెంటు గారి కళ్ళు చెమర్చాయి. “తీసుకెళ్ళండి మేడం. బాగా చూసుకున్నాం వాటిని. జీపు క్లచ్ ఒక్కటి కొంచెం గట్టిగా ఉంటుంది, డ్రైవరుకి చెప్పండి” అన్నారు దీనంగా.

“తీసుకెళ్ళడం ఏంటి? మీకు అప్పగిస్తున్నాం. శిక్షణ పూర్తయితే సామానంతా కేంద్రానికే. పూర్తి కాకపోతే మాది.”

సూపరింటెండెంటు గారు ఆ ఫైలు మీదికి వంగారు.

“ఈ నిబంధన... ఎప్పటినుంచి మేడం?”

“మొదటి రోజు నుంచి. ఒప్పందం చివర నాలుగో అనుబంధం. ఇదిగో, కింద మీ సంతకమే ఉంది.”

ఆయన ఆ సంతకాన్ని చాలాసేపు చూశారు. మొదటి పేజీ, సంతకం పేజీ తప్ప ఆ ఒప్పందంలో ఆయన ఇంకేమీ చదవలేదని మా అందరికీ తెలుసు. మిగతాది చదవాలని మాకూ తోచలేదు, ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాం. ఆయన మెల్లగా మళ్ళీ గారి వైపు తిరిగారు.

“మీకు తెలుసా ఈ సంగతి?”

“తెలుసు. మీకు కూడా తెలుసని అనుకున్నాను” అన్నాడు మళ్ళీ గారు ఎంతో మర్యాదగా.

సూపరింటెండెంటు గారు గట్టు మీద చతికిలబడ్డారు. ఏ జీపు పోతుందని ఏడుసార్లు నన్ను తప్పించారో, నేను నెగ్గి ఉంటే ఆ జీపు ఏడేళ్ళ కిందటే మాదై ఉండేది. తిడదామని నోటిదాకా వచ్చింది. ఆయన నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చున్న తీరు చూశాక తిట్టబుద్ధి కాలేదు. అంతటి హాయిలో కోపం నిలబడదు కాబోలు.

అందరూ టీకి వెళ్ళాక నేను ప్రయోగశాలకు వచ్చాను. మళ్ళీ గారు చొక్కా చేతులు మడిచి, సింకు దగ్గర బీకర్లు కడుగుతున్నాడు. నేను తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడ్డాను.

“సున్నం గురించి మీకు ఎలా తోచింది?” అని అడిగాడు. మొహం వెలిగిపోతోంది. “నేను ఏ విధంగా చెప్పినప్పుడు అర్థమైంది? దయచేసి చెప్పండి. నాకు తెలుసుకోవాలని ఉంది. ఈ సంవత్సరం చెప్పిన పద్ధతేనా?”

ఇక ఆగలేకపోయాను.

“మొదటి పద్ధతిలోనే అర్థమైందండీ. రెండో ఏడు నుంచీ నాకు అన్నీ వచ్చు. కావాలనే తప్పాను. మీరు వెళ్ళిపోతే సామాను పోతుందని. నన్ను క్షమించండి.”

ఆయన చేతిలో బీకరు ఆగిపోయింది. కొళాయి అలా కారుతూనే ఉంది. నా వైపు చూడలేదు.

“మూడో సంవత్సరం,” అన్నాడు, “మీరు గడియారం చూడటం మరిచిపోయారు.”

“కావాలనేనండీ.”

“ఐదో సంవత్సరం. పటికకు బదులు ఉప్పు వేశారు.”

“కావాలనే.”

“క్రిందటి సంవత్సరం బీకరు జారవిడిచారు.”

“అది మాత్రం నిజంగానే జారిందండీ.”

ఆయన కొళాయి కట్టేశాడు. కళ్ళజోడు తీశాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా పడాల్సిందే, తొమ్మిదేళ్ళు ఆయన జీవితం మేం తినేశాం. “తొమ్మిది సంవత్సరాలు!” అని ఒక్క అరుపు అరిచాడు కూడా. గాజు సామానంతా గలగలలాడింది. ఆయన అరవగలడని నాకు అప్పటిదాకా తెలియదు.

అరిచాక తనే కంగారుపడి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“నాకు చాలా కోపంగా ఉంది. కానీ ఒక్కసారి నాకు స్పష్టంగా చెప్పండి. మీకు నేను నేర్పినందువల్లనే వచ్చిందా?” అన్నాడు.

“మీరు తప్ప నాకు ఇంకెవరు నేర్పారండీ? ఒక్క రకం చాలినదాన్ని పదకొండు రకాలుగా నేర్పారు. ఇవాళ మొదటి విడత పోయినప్పుడు నేను నిలబడ్డానంటే అందుకే” అన్నాను.

ఆయన జేబులోంచి ఫోను తీసి ఇంటికి చేశాడు. భార్యతో వాళ్ళ భాషలో మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అటునుంచి ఆవిడ మొదట అరవడం, తర్వాత ఆగకుండా నవ్వడం గది చివరి దాకా వినిపించింది. ఆయన వింటూ వింటూ నవ్వాడు. తర్వాత తల వంచుకుని చాలాసేపు ఊ కొట్టాడు.

ఫోను పెట్టేశాక అడిగాను. “ఏమన్నారండీ మేడం గారు?”

“ఆమె ఇలా అంది. ‘నువ్వు పనికిమాలినవాడివి కాదని నాకు పెళ్ళి నాటికే తెలుసు. నీకు తెలియడానికి ఇంతకాలం పట్టింది. ఇక బయలుదేరు.’”

చివరి మాట సగంలోనే ఆయన ఏడ్చేశాడు. ఆయన్ని చూసి నేనూ ఏడ్చాను. ఇద్దరం తనివితీరా ఏడ్చి, మొహాలు కడుక్కుని, మిగిలిన నాలుగు బీకర్లూ కడిగి బోర్లించాం.